పుట్టింటి మీద నల్లపావులతో

స్కార్విక్,
14 జనవరి 1961

మామయ్యకి,

మీరెక్కిన ఓడ కోపెన్‌హాగన్ చేరిందని రేడియోలో చెప్పారు. కంటికి ఆపరేషన్ ఎప్పుడో, రెండు కళ్ళకీ కట్లు కడతారన్నది నిజమేనో ఎవరిచేతైనా రాయించండి. ఆ ఆసుపత్రిలో మన దీవుల నర్సు ఒకామె ఉందని ఇక్కడి డాక్టరు చెప్పాడు. ఆ మాటకే నా దిగులు సగం తీరింది. పరాయి ఊళ్ళో, పరాయి భాషలో, అందులోనూ చీకట్లో పడుకోవడమంటే మాటలా!

ఇక్కడ అందరం క్షేమం. ఆవు పాలు తగ్గించేసింది. తాతయ్య తిట్లు వినపడక బెంగ పెట్టుకుందని పాప అంటోంది. హోగ్ని క్రిస్మస్‌కి ముందు రాసిన ఉత్తరం మొన్న చేరింది. గ్రీన్‌లాండ్ వైపు చేపలు బాగానే పడుతున్నాయట. ఏప్రిల్ దాకా మీ అబ్బాయి మొహం చూడలేం. పోయిన మంగళవారం గాలికి ఎండుమాంసం కొట్టు తలుపు ఊడిపోతే నేనే మేకులు కొట్టి నిలబెట్టాను. వంకరగానే ఉంది. వచ్చాక తిట్టుకుంటూ సరిచేద్దురుగాని.

అసలు సంగతి చెప్పకుండా ఆవు చుట్టూ, తలుపు చుట్టూ తిరుగుతున్నాను కదూ. చెప్పేస్తాను.

చదరంగం గడియారం తీసుకెళ్ళడానికి పౌల్ బాబాయి వచ్చాడు. మార్చిలో లాంగిడాల్ ఊరివాళ్ళతో కప్పు కోసం ఆట ఉందిగా. "ఆరుగురు కావాలి, అయిదుగురమే ఉన్నాం. మీ మామయ్య కుర్చీ ఖాళీగా పెట్టి ఒక ఆట ఊరికే వాళ్ళ చేతిలో పెట్టాలి" అని మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. "నేను ఆడతాను బాబాయ్" అన్నాను. ఆయన నవ్వి, "నువ్వు కాఫీ బాగా పెడతావమ్మా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మీ బల్ల మీద పావులు సర్దాను. రెండో కప్పు కాఫీ చల్లారేలోపు ఆయన రాజుకి ఆట కట్టించేశాను. ఆయన కప్పు వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ ఆడదామన్నాడు. మళ్ళీ అంతే. సాయంత్రం నన్ను బడికి తీసుకెళ్ళి మిగతా నలుగురి ముందు కూర్చోబెట్టాడు. అక్కడేమైందో మీకు పౌల్ బాబాయే రాస్తాడు, నా నోటితో నేను చెప్పుకోను.

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటారని తెలుసు. మా పెళ్ళి విందులో మీరు గ్లాసెత్తి, "లాంగిడాల్ నుంచి కోడల్ని తెచ్చుకున్నాం, వాళ్ళ చదరంగాన్ని మాత్రం అక్కడే దింపి రమ్మన్నాం" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కొత్త కోడల్ని కదా, మీది హాస్యమో ఆజ్ఞో తెలియలేదు. ఆజ్ఞే అనుకున్నాను. మీరు పడుకున్నాక పేపర్లో వచ్చే ఆటలు ఒక్కదాన్నే ఆడుకునేదాన్ని.

అది మీ కుర్చీ. మీరు ఊ అంటేనే కూర్చుంటాను.

మీ కోడలు
మాలన్


కోపెన్‌హాగన్,
24 జనవరి 1961

అమ్మాయ్ మాలన్,

చేతిరాత చూసి కంగారు పడకు. ఇది ఎల్స్‌పా రాత. మన దక్షిణ దీవి పిల్ల. నేను చెబుతుంటే రాస్తోంది. ఆపరేషన్ అయింది. రెండు కళ్ళకీ కట్లు, తలకి అటొకటి ఇటొకటి ఇసుక సంచులు. తల కదపకూడదు, వంగకూడదు, దగ్గకూడదు. తుమ్మొస్తే డాక్టరుగారి అనుమతి తీసుకుని తుమ్మాలి. ఎడమ కన్ను మీద ఆశ లేదన్నారు. కుడి కన్ను సంగతి కట్లు విప్పాకే తెలుస్తుందట.

నీ ఉత్తరం ఎల్స్‌పా మూడుసార్లు చదివింది. మూడుసార్లూ నాకు తుమ్మొచ్చినంత పనైంది.

ఆరేళ్ళు! ఒకే కప్పు కింద ఆరేళ్ళు! ప్రతి చలికాలం నేను ఆ పౌల్‌తో ఆడాను. వాడు మూడో ఎత్తుకే ఆలోచించడం మొదలుపెట్టి నిద్రపోతాడు. నువ్వేమో పక్క గదిలో స్వెటర్ అల్లుకుంటూ మా ఆటలు విని లోపల్లోపల నవ్వుకుంటున్నావన్నమాట. విందులో తాగి అన్న మాటని పట్టుకుని ఎవరైనా ఆరేళ్ళు నోరు కట్టుకుంటారా?

సరే. కుర్చీలో కూర్చో. కానీ నేను కూర్చునే మొదటి బల్ల మీద కాదు. ఆఖరి బల్ల మీద. లాంగిడాల్ మొదటి బల్ల మీద ఎవరు కూర్చుంటారో నీకు నేను చెప్పక్కర్లేదు. ఇది నా మాటగా పౌల్‌కి చెప్పు. ఇంక దీని మీద చర్చ లేదు.

ఆవుకి గోరువెచ్చని నీళ్ళు పెట్టు. తలుపు జోలికి మళ్ళీ వెళ్ళకు.

మిక్యాల్

(మాలన్ అక్కా, ఇది నా సొంత మాట. పెద్దాయన ధైర్యంగానే ఉన్నారు. చీకట్లో తనలో తానే చదరంగం ఆడుకుంటూ, ఓడిపోయినప్పుడు మాత్రం ఎవరినో తిడుతుంటారు. — ఎల్స్‌పా)


స్కార్విక్,
5 ఫిబ్రవరి 1961

మామయ్యగారికి,

ఆపరేషన్ సవ్యంగా జరిగినందుకు సంతోషం. ఆదివారం చర్చిలో మీ పేరు చదివారు.

మీ మాట పౌల్ బాబాయికి అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. అందరికంటే బాగా ఆడేవాళ్ళే మొదటి బల్ల మీద కూర్చోవాలన్నది పోటీ నియమమట. "మిక్యాల్ కళ్ళకి కట్లున్నాయి గానీ మాకు లేవుగా" అన్నాడు. ఆ మాట ఆయనదే, నాది కాదు.

నన్నెందుకు ఆఖరి బల్లకి పంపమన్నారో నాకు అర్థమైంది. లాంగిడాల్ మొదటి బల్ల మీద కూర్చునేది మా నాన్న జాకారిస్. లాంగిడాల్ పిల్ల లాంగిడాల్ మీద నిజాయితీగా ఆడదని మీ అనుమానం. ఆ మాటే సూటిగా రాయించి ఉంటే బాగుండేది. ఆరేళ్ళుగా ఈ ఇంటి ఆవుని పితుకుతున్నాను, ఈ ఇంటి గొర్రెల వెనక కొండలెక్కుతున్నాను, ఈ ఇంటి బిడ్డని కన్నాను. ఇంకెన్నాళ్ళకి స్కార్విక్ మనిషినవుతానో తెలియదు.

మీకు ఇష్టం లేకపోతే అసలు ఆడనే ఆడను. ఒక్క ముక్క రాయించండి, తప్పుకుంటాను.

పాప మీకు ముద్దులు చెప్పమంది.

మాలన్


కోపెన్‌హాగన్,
16 ఫిబ్రవరి 1961

అమ్మాయ్,

నేనన్నదొకటి, నువ్వు విన్నదింకొకటి. ఎదురుగా ఉంటే నా మొహం చూసి తెలుసుకునేదానివి. కాగితానికి మొహం ఉండదు కదా.

మీ నాన్నతో నేను ఇరవై చలికాలాలు ఆడాను. నేను గెలిచిన ఆటలకంటే ఆయన గెలిచినవే ఎక్కువ. మనిషి చెడ్డవాడు కాదు. కానీ ఓడిపోతే రెండు రోజులు అన్నం ముట్టడు, ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఇప్పుడు నువ్వు ఆయన ఎదురుగా కూర్చున్నావనుకో. ఓడిపోతే మనవాళ్ళు "తండ్రికి ఇచ్చేసింది" అంటారు. గెలిస్తే వాళ్ళవాళ్ళు "కన్నతండ్రిని నలుగురిలో పడగొట్టింది" అంటారు. ఏ వైపు పడ్డా దెబ్బ నీకే. అందుకే ఆఖరి బల్ల అన్నాను. ఆ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు. మీ అత్తయ్య బతికుంటే నా మాటల్ని మనుషుల భాషలోకి మార్చి చెప్పేది.

సరే, పౌల్ మాటే నెగ్గనీ. మొదటి బల్లే. కానీ ఈసారి ఆట వాళ్ళ ఊళ్ళో కాబట్టి మొదటి బల్ల మీద నీకు నల్లపావులొస్తాయి. మీ నాన్న తెల్లపావులతో ఆడటమంటే ఎలా ఉంటుందో నేను అనుభవించినవాణ్ణి. మీద పడిపోతాడు. కాచుకో. సందు దొరకగానే సమం అడుగు. సగం పాయింటు మనకి, సగం వాళ్ళకి. అటు పుట్టిల్లు, ఇటు మెట్టిల్లు, రెండూ చల్లగా ఉంటాయి. మిగతా అయిదుగురూ చూసుకుంటారు.

ఇసుక సంచులు తీసేశారు. కట్లు ఇంకా ఉన్నాయి.

మిక్యాల్

(అక్కా, నీ ఉత్తరం విన్నాక ఈయన మధ్యాహ్నం సూప్ తాగలేదు. అడిగితే ఉప్పెక్కువైందన్నారు. నేను తాగి చూశాను. ఉప్పు సరిపోయింది. — ఎల్స్‌పా)


స్కార్విక్,
3 మార్చి 1961

మామయ్యకి,

రేపు పొద్దున్నే పడవ మీద లాంగిడాల్ వెళుతున్నాం. పాపని, ఆవుని పక్కింటివాళ్ళకి అప్పగించాను. గాలి పడమటికి తిరిగింది. పౌల్ బాబాయి ఆకాశం వంక చూసి తల ఆడిస్తున్నాడు.

మీ ఉత్తరం చదివి మనసు తేలికపడింది. సూప్ తాగండి.

మీరు చెప్పినట్టే చేస్తాను. సందు దొరకగానే సమం అడుగుతాను. ఒక్కటే మాట. నేను గెలుస్తానేమోనన్న ఊహ ఎక్కడైనా ఉందేమోనని మీ ఉత్తరం రెండోసారి వెతుక్కుంటూ చదివాను. లేదు. పోన్లెండి.

పడవవాళ్ళు ఈ ఉత్తరం కోసం ఆగారు.

మాలన్


కోపెన్‌హాగన్,
5 మార్చి 1961

మాలన్,

పౌల్ టెలిగ్రాం నిన్న రాత్రి అందింది. ఎల్స్‌పా చదివింది. "అయిదు ఆటల్లో చెరి సగం. మాలన్‌కి గుర్రం ఎక్కువ. సమం అడిగింది. జాకారిస్ ఒప్పుకోలేదు. చీకటి పడి ఆట ఆపాం. గాలికి పడవ కదలదు. సోమవారం మిగతా ఆట."

ఒక గుర్రం! నల్లపావులతో, జాకారిస్ మీద, ఒక గుర్రం ఎక్కువ! ఇరవై ఏళ్ళలో నాకు ఒక్కసారి కూడా దక్కని గుర్రం! దాన్ని చేతిలో పెట్టుకుని సమం అడుగుతావా? కప్పు మొత్తం ఇప్పుడు నీ ఒక్క ఆట మీద వేలాడుతోంది. సమమైతే పోయినేడు గెలిచినవాళ్ళు కాబట్టి కప్పు వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. ఆ సంగతి నీకు తెలియదా?

నిజం చెప్పు. ఎదురుగా ఉన్నది నాన్న అని చెయ్యి ఆగిందా? ఆగితే ఆగిందని చెప్పు. నేను తిట్టను. కానీ నాకు తెలియాలి.

రాత్రంతా ఆ ఆట నా కళ్ళ ముందు ఉన్నట్టే ఉంది, పావులు ఎక్కడున్నాయో మాత్రం తెలియదు. పౌల్‌గాడు ఆ ఒక్క ముక్కా రాయలేదు. టెలిగ్రాంలో మాటకింత అని లెక్క చూసుకుని ఉంటాడు, పిసినారి వెధవ.

ఇది నీకు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అయినా రాయిస్తున్నాను.

మిక్యాల్

(అక్కా, "సమం అడగమని మీరేగా చెప్పింది" అని నేను గుర్తు చేశాను. "నేను చెప్పింది గుర్రం ఎక్కువ లేనప్పటి మాట" అన్నారు. ఇంకేం మాట్లాడను! — ఎల్స్‌పా)


స్కార్విక్,
8 మార్చి 1961

మామయ్యకి,

కప్పు మన బడిలో ఉంది. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత తీరిగ్గా రాస్తాను. ఎల్స్‌పా, ఈ వాక్యం చదివాక కాసేపు ఆగి, ఆయన్ని కదలనివ్వకు.

టెలిగ్రాంలో కొంత విని ఉంటారు. శనివారం మేం వెళ్ళేసరికి వాళ్ళ హాలు నిండిపోయి ఉంది. తండ్రీకూతుళ్ళ ఆటని చూడటానికి పక్క ఊళ్ళనుంచి కూడా వచ్చారు. నాన్న చర్చికి వేసుకెళ్ళే కోటు వేసుకుని కూర్చున్నాడు. నేను కూర్చోగానే, "చెయ్యి కడుక్కున్నావా?" అన్నాడు. చిన్నప్పుడు మేం పావులు ముట్టుకునే ముందు అడిగే మాట అది. కడుక్కున్నానన్నాను. గడియారం నొక్కాడు.

మీరు చెప్పినట్టే మీద పడ్డాడు. భోజనాల వేళకి తన గుర్రాన్ని తెచ్చి నా రాజు ముందున్న బంటు మీద కొట్టాడు. ఊరికే ఇచ్చేసినట్టే. ఇంట్లో ఎన్నిసార్లు చూశానో ఆ ఎత్తు! నాన్న గుర్రం ఇచ్చాడంటే మా అన్నయ్యలిద్దరూ అక్కడే చేతులెత్తేసేవాళ్ళు. మా ఇంట్లో తెల్లపావులెప్పుడూ వాళ్ళవే. నాకు నల్లవే మిగిలేవి. అందుకని ఆ గుర్రం నా మీదకి వచ్చినన్నిసార్లు వాళ్ళ మీదకి రాలేదు. తీసుకున్నాను. తీసుకుని నా రాజుని పరిగెత్తించకుండా, ఒక్కో గడీ నడిపించుకుంటూ రెండో వైపుకి చేర్చాను. ఆయనకి నా బంట్లు రెండు దక్కాయి, నాకు గుర్రం మిగిలింది.

అప్పుడు మీ మాట గుర్తొచ్చింది. "సమం చేసుకుందామా?" అని అడిగాను.

నాన్న తలెత్తి నన్ను చూసిన చూపు చెప్పలేను. హాలంతా వినపడేలా, "ఇంటికొచ్చిన చుట్టానివి కాదు, ఆడటానికొచ్చావు. ఆడు" అన్నాడు. చెవులు ఎర్రబడిపోయాయి ఆయనకి. ముసలాయన మీద జాలిపడ్డాననుకున్నాడు. మా మామయ్య అడగమన్నాడని అందరిలో ఎలా చెప్పను? చెబితే అది మరీ అన్యాయం. నోరు మూసుకుని ఆడాను. చీకటి పడ్డాక ఆట ఆపారు. గాలికి పడవ కదల్లేదు, ఆదివారం ఎటూ ఆడరు. మనవాళ్ళని తలో ఇంటికీ పంచారు. నేనెక్కడికి పోతాను? మా ఇంటికే.

రెండు రోజులు ఆగిపోయిన ఆటని మధ్యలో పెట్టుకుని ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నాం. మా అమ్మ గరిటె పట్టుకుని, "ఈ ఇంట్లో గుర్రం, ఏనుగు అని ఎవరి నోటివెంటైనా వచ్చిందంటే వాళ్ళకి బంగాళాదుంపలు లేవు" అంది. నాన్న నాతో గొర్రెల గురించి మాట్లాడాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు, పన్నులవాడితో మాట్లాడినట్టు. అదే నాకు ఎక్కువ బాధేసింది.

సోమవారం మొదలుపెట్టాం. నేను గుర్రాన్ని ఇచ్చి ఆయన బంట్లన్నీ ఊడ్చేశాను. చివరికి ఆయనకి రాజు, ఏనుగు మిగిలాయి. నాకు రాజు, ఏనుగు, రెండు బంట్లు. ఆయన రాజు మూలకి చేరి కదలడానికి గడి లేకుండా ఉంది. అప్పుడు ఆయన తన ఏనుగుని తెచ్చి సరిగ్గా నా రాజు పక్కన పెట్టి చెక్ అన్నాడు. కొట్టుకోమన్నట్టే ఉంది. కొట్టానా, ఆయనకి ఆడటానికి ఎత్తే ఉండదు, ఆట సమం. నేను కొట్టలేదు. ఆ ఏనుగు నన్ను గడి గడికీ వెంటాడింది. నా ఏనుగు వచ్చి మధ్యలో అడ్డం నిలబడగలిగే చోటు దాకా నా రాజుని నడిపించాను. అది కదలగానే ఆయన రాజుకి దారి దొరికింది, నా బంటుకీ దారి దొరికింది. ఇంక అయిపోయింది.

నాన్న తన రాజుని పడుకోబెట్టాడు. చెయ్యి కలిపాడు. ఆయన తన ఊరివాళ్ళ వైపు తిరిగి, "ఇది నేను నేర్పిన ఆట కాదర్రా. నేను నేర్పింది ఇంత బాగుండేది కాదు" అన్నాడు.

పౌల్ బాబాయి ఏడ్చాడు. పొగాకు కళ్ళలో పడిందన్నాడు.

మీ ఒంట్లో ఎలా ఉంది? కట్లు ఎప్పుడు విప్పుతారు?

మాలన్


స్కార్విక్,
15 మార్చి 1961

మామయ్యకి,

ఈ ఉత్తరం చదివేటప్పుడు వార్డులో మిగతావాళ్ళు వినకుండా చూడమని ఎల్స్‌పాని అడుగుతున్నాను.

మీ ఐదో తారీఖు ఉత్తరం నిన్న వచ్చింది. ఆట ముందే చేరి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. మొదటిసారి చదివినప్పుడు పొయ్యిలో పడేద్దామనుకున్నాను. తమరే సమం అడగమని చెప్పి, తమరే ఎందుకడిగావంటారా అని. ఆవు దగ్గరికెళ్ళి పాలు పితికి వచ్చి మళ్ళీ చదివాను. మీరడిగిన మాట ఒకటి మిగిలిపోయింది. చెయ్యి ఆగిందా అని.

ఆగింది.

శనివారం కాదు. శనివారం మీ మాట విన్నానంతే. సోమవారం ఆగింది.

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే పెద్దన్నయ్య ఐడున్ నన్ను పక్కకి పిలిచాడు. నాన్న చెయ్యి వణుకుతోందట. పావు పెట్టబోయి పక్క పావుని పడేస్తున్నాడట. ఈ చలికాలంతో మొదటి బల్ల వదిలేస్తానని అమ్మతో అన్నాడట. "ఆయన్ని ఓటమితో లేపొద్దు మాలన్. నువ్వు తప్పు చేశావని ఎవరికీ తెలియకుండా చెయ్యగలవు, నీకు ఆ తెలివుంది" అన్నాడు.

మర్నాడు నాన్న ఆ ఏనుగుని తెచ్చి నా రాజు పక్కన పెట్టినప్పుడు, బల్ల కింద ఆయన కాలు ఊగుతోంది. వల పన్నినప్పుడల్లా ఆయన కాలు ఊగుతుంది, ఆయనకే తెలియదు. నా చెయ్యి ఆ ఏనుగు మీదకి వెళ్ళింది. ముట్టుకోలేదు. ముట్టుకుంటే తీసుకోవాల్సిందే కదా. గాలిలో అలా ఉండిపోయింది. అన్నయ్య అడిగిన తప్పు నా ముందే ఉంది మామయ్యా. కష్టపడి వెతుక్కోవలసిన పని కూడా లేదు. కొట్టేస్తే చాలు. అంతా "అయ్యో, కంగారుపడింది పాపం" అంటారు. నాన్న గర్వంగా లేస్తాడు. మీరు కూడా నల్లపావులతో సమం చేసిందిలే అని సరిపెట్టుకుంటారు. ఎవరికీ నొప్పి ఉండదు.

ఆయన మొహం చూశాను. ఆయన నా చెయ్యి వంక చూడటం లేదు, నా మొహం వంకే చూస్తున్నాడు. చిన్నప్పుడు లెక్క ఇచ్చి జవాబు కోసం ఎదురుచూసేవాడు చూడండి, అలాగ. నేను కొట్టుకోవాలని ఆయనకి ఆశ ఉంది. కొట్టుకోకూడదని అంతకంటే పెద్ద ఆశ ఉంది. రెండూ ఒకే మొహంలో కనిపించాయి. చెయ్యి వెనక్కి తీసుకుని నా రాజుని జరిపాను. "ఊఁ" అన్నాడు చాలా మెల్లగా. అన్నం తిన్నాక తృప్తిగా అన్నట్టు.

పడవ దాకా నాతో నడిచొచ్చాడు. దారంతా ఆట గురించే. ఉన్నట్టుండి ఆగి, "ఐడున్ నిన్నేమైనా అడిగాడా?" అన్నాడు. అబద్ధం చెప్పలేకపోయాను. "వెధవ" అన్నాడు. కొంతదూరం నడిచాక, "ఆ ఏనుగుని కొట్టి ఉంటే ఇంక ఈ జన్మలో నీతో ఆడేవాణ్ణి కాదు" అన్నాడు. నేను శనివారం సమం అడిగింది జాలితో కాదని, మీ మాట మీద అడిగానని చెప్పాను. ఆయన నవ్వాడు చూడండి, రేవులో పక్షులన్నీ లేచిపోయాయి. "మిక్యాల్ ఇరవై ఏళ్ళుగా నన్ను అడుగుతూనే ఉన్నాడు సమం" అన్నాడు.

ఆ రాత్రి రెండోసారి వడ్డించమని అడిగి మరీ తిన్నాడట. అమ్మ కబురు పంపింది.

ఇదీ సంగతి. చెయ్యి ఆగింది, తర్వాత కదిలింది. మీకు తెలియాలన్నారు కాబట్టి రాశాను.

మాలన్


కోపెన్‌హాగన్,
27 మార్చి 1961

అమ్మా మాలన్,

ఈసారి ఇది నా రాతే. గీతల మీద నిలవడం లేదు, కొండ మీద గొర్రెల్లా పోతున్నాయి అక్షరాలు. ఏం ఫరవాలేదు, చదువుకో.

గురువారం కట్లు విప్పారు. ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి మొదట తెల్లగా ఏదో కనిపించింది. కిటికీ అన్నారు. తర్వాత దానికి అడ్డంగా ఎవరో వచ్చి నిలబడ్డారు. ఎల్స్‌పా. గొంతు విని ఆరడుగుల మనిషనుకున్నాను, తీరా చూస్తే నా భుజం దాకా కూడా రాదు. ఆ మాట అన్నానని రెండు రోజులు కోపంగా ఉంది. మధ్యలో ఇంకా పొగమంచులా ఉంది గానీ రోజురోజుకీ విచ్చుకుంటోందని డాక్టరు అన్నాడు. మంచు సంగతి నాకు నేర్పకయ్యా, నేను పుట్టిందే అందులో అన్నాను.

నీ చివరి ఉత్తరం ఎల్స్‌పా నా చెవి దగ్గర కూర్చుని చదివింది. కట్లు ఉన్నప్పుడు ఏడవకూడదని డాక్టరు ఆజ్ఞ. మొత్తానికి ఆజ్ఞ మీరాను. అందుకేనేమో కట్లు ఒక రోజు ఆలస్యంగా విప్పారు. ఆ ఒక్క రోజు నీ ఖాతాలో రాశాను.

నేనైతే ఆ ఏనుగుని కొట్టేసేవాణ్ణి. వలని చూడక కాదు. చూసి కూడా కొట్టేవాణ్ణి. నాకంత ధైర్యం లేదు. నువ్వు గెలుస్తావేమోనన్న మాట నా ఉత్తరంలో లేదన్నావు. నిజమే, లేదు. అది నాకు తట్టనే లేదు. నల్లపావులు, జాకారిస్, గెలుపు, ఈ మూడు మాటల్ని పక్కపక్కన పెట్టి ఆలోచించడం నాకు ఎప్పుడూ అలవాటు లేదు.

ఇంకో సంగతి. మొన్న నాకు మీ నాన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇరవై ఏళ్ళలో మొదటిది. కన్ను ఎలా ఉందని ఒక్క ముక్క, మిగతా రెండు పేజీలూ ఆట! ఆఖర్న "మా అమ్మాయి మీ ఊరికి కప్పు తెచ్చిపెట్టింది, బాగా చూసుకోండి" అని రాశాడు. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. అప్పటికప్పుడు కాగితం తీసుకుని, "మీ అమ్మాయి ఎవరండీ? ఆ రోజు మొదటి బల్ల మీద కూర్చున్నది స్కార్విక్ మనిషి, మా ఇంటి పిల్ల" అని రాసి పోస్టులో వేయించాను. చూడు, ఊరుకోడు. మళ్ళీ రాస్తాడు. రాయనీ. నాకిప్పుడు కన్నుంది, ఎన్నిసార్లైనా జవాబిస్తాను.

ఏప్రిల్ పన్నెండు ఓడకి వస్తున్నాను. అప్పటికి హోగ్ని కూడా దిగుతాడేమో. రేవులో బ్యాండు అదీ పెట్టించొద్దని పౌల్‌కి చెప్పు. వాడు అలాంటి పనులు చేస్తాడు.

ఇంకో మాట కూడా చెప్పు వాడికి. మొదటి బల్ల నీదే, అందులో మాట్లాడేదేమీ లేదు. కానీ నేనింకా బతికే ఉన్నాను. వాడు కూర్చునే రెండో బల్ల ఇక నాది, అక్కణ్ణుంచి లేవడానికి సిద్ధంగా ఉండమను.

మిక్యాల్